కార్తెలు తప్పలేదు, వానలే తప్పాయి

అరసవల్లి : సూర్యనారాయణస్వామి కొలువున్న అరసవల్లిలో ఏటా మార్చిలోనూ, అక్టోబరులోనూ కొన్ని రోజులు ఉదయపు కిరణాలు గర్భగుడిలో స్వామి పాదాలను తాకుతాయి. మబ్బు అడ్డుపడకపోతే చాలు, ఆ దృశ్యం కనబడి తీరుతుంది. సూర్యుడు తన లెక్క తప్పడు. ఆ సూర్యుడి లెక్క మీదనే రైతు కార్తెలు కూడా నడుస్తాయి. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో పదమూడు, పద్నాలుగు రోజులు ఉంటాడు. అదే ఒక కార్తె. ఇరవై ఏడు నక్షత్రాలు తిరిగేసరికి ఏడాది గడుస్తుంది. జూన్ రెండో వారంలో మృగశిర, నాలుగో వారంలో ఆరుద్ర, సెప్టెంబరు మధ్యలో ఉత్తర, అక్టోబరు రెండో వారంలో చిత్త. ఈ వరుసలో ఇప్పటికీ మార్పు లేదు.

మార్పు వచ్చింది వానలో. మృగశిరలో తొలకరి, ఆరుద్రలో ఆకుమడి, పునర్వసు పుష్యమిలలో ఉభాలు, చిత్త స్వాతిలలో పొట్ట, ఈనిక అని తాతల నుంచి వచ్చిన లెక్క ఇప్పుడు రైతుకు అక్కరకు రావడం లేదు. “కార్తె వత్తాది బావూ, వాన్రాదు. వానొచ్చిన్నాడు సేను తేలిపోద్ది” అన్న మాట ఈ ప్రాంతంలో ఏ రచ్చబండ దగ్గరైనా వినిపిస్తుంది. పెద్ద చదువులు చదివినవారు వాతావరణ మార్పు అని పిలుస్తున్నదానికి పల్లెలో పెట్టుకున్న పేరు ఇది.

పంచాంగమే జారిపోయిందేమో అని అనుమానించేవారూ ఉన్నారు. అందులో కొంత నిజం ఉంది కాని అది ఈ జబ్బుకు కారణం కాదు. నక్షత్రాల లెక్కకూ రుతువుల లెక్కకూ మధ్య తేడా సుమారు డెబ్భై ఏళ్ళకు ఒక్క రోజు. తాత నాటికీ మనవడి నాటికీ జరిగింది ఒక రోజు మాత్రమే. కాని వాన ఒక ఏడు పది రోజులు, ఒక ఏడు నెల రోజులు తప్పుతోంది. కనుక తప్పు పంచాంగానిది కాదు.

జ్ఞాపకమా, నిజమా?

ముసలివారికి చిన్ననాటి వానలన్నీ చక్కటి వానలుగానే గుర్తుంటాయి. ఈ మాట కూడా ఒప్పుకోవాలి. పూర్వం కరువులు లేవా? 1866 నాటి మహాక్షామం ఒడిశాతో పాటు గంజాం జిల్లాను కూడా పీడించింది. ఆనాడు శ్రీకాకుళం ఆ జిల్లాలోనిదే. “ఉత్తర చూసి ఎత్తర గంప” అన్న సామెత నిన్న మొన్న పుట్టినది కాదు. ఉత్తర కార్తెలో కూడా వాన పడకపోతే ఇక ఈ ఊళ్ళో బతుకు లేదు, గంప నెత్తిన పెట్టుకుని పోవలసిందే అని దాని అర్థం. కరువుకు ఈ నేల కొత్త కాదు. రంగూన్‌కు ఓడలెక్కిన కూలీల కాలం నుంచీ వలస కూడా కొత్త కాదు.

అయితే రైతు చెబుతున్నది కరువు గురించి మాత్రమే కాదు. వాన తీరు మారిందని చెబుతున్నాడు. ఈ విషయంలో శాస్త్రజ్ఞుల లెక్క రైతు మాటకు దగ్గరగానే ఉంది. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం 1901 నుంచి 2018 వరకు దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. నైరుతి కాలంలో వాన మధ్యలో వచ్చే వరుపులు 1951-80 నాటితో పోలిస్తే 1981-2011 మధ్య 27 శాతం ఎక్కువగా వచ్చాయి. వేడెక్కిన గాలి ఎక్కువ తేమను పట్టుకుంటుంది. ఒక్క డిగ్రీ వేడికి సుమారు ఏడు శాతం తేమ ఎక్కువ. ఆ గాలి పట్టుకున్నంతసేపు చినుకు ఉండదు. విడిచినప్పుడు ఒక్కసారే కుమ్మరిస్తుంది. ఏడాది చివర లెక్క చూస్తే వాన సరిపడా పడినట్టే ఉంటుంది. మడిలో మాత్రం పంట ఉండదు. కలెక్టరు కచేరీలో లెక్కకూ, రైతు కల్లంలో లెక్కకూ పొంతన కుదరకపోవడానికి కారణం ఇదే.

2023 ఆగస్టు ఇందుకు నిదర్శనం. దేశం మొత్తం మీద 1901 తరువాత అంత పొడి ఆగస్టు మరొకటి లేదని వాతావరణ శాఖ ప్రకటించింది. ఆగస్టు అంటే ఆశ్లేష, మఖ కార్తెలు. నాటిన వరి పిలకలు వేసే కాలం. ఆ ఏడాదే డిసెంబరు 5న మిచాంగ్ తుపాను ఎక్కడో బాపట్ల దగ్గర తీరం దాటింది. దాని వానకు ఇక్కడి పొలాల్లో కోసిన పనలు తడిశాయి. కావలసినప్పుడు రాని వాన, వద్దన్నప్పుడు వచ్చింది.

చిత్త కార్తె వాకిట్లో మూడు తుపానులు

2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. సరిగా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నం మీద విరుచుకుపడింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతంలో తీరం దాటి ఉద్దానాన్ని నేలమట్టం చేసింది. మూడూ చిత్త కార్తె ప్రవేశించే రోజుల్లోనే వచ్చాయి. స్వర్ణ వంటి దీర్ఘకాలపు వరి పొట్టకు వచ్చి ఈనే కాలం అదే. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటింది. అది హస్త కార్తెకు ముందురోజు.

తుపాను ఈ తీరానికి చుట్టం వంటిదే, కాదనలేము. ఏ ఒక్క తుపానుకైనా వాతావరణ మార్పే కారణమని తేల్చి చెప్పడం కూడా సరి కాదు. కాని సముద్రం వేడెక్కిన కొద్దీ తుపానుకు బలం చేకూరుతుందనీ, దాని వెంట వచ్చే వాన పెరుగుతుందనీ శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. తిత్లీలో గాలి కొట్టిన దెబ్బకు తోడు, ఎగువ ఒడిశా కొండల్లో కురిసిన వానకు వంశధార కూడా పొంగింది. కొబ్బరి చెట్టు తిరిగి కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. జీడిమామిడి సంగతి కూడా అంతే. వరి రైతుకు పోయింది ఒక పంట. ఉద్దానం రైతుకు పోయింది ఒక తరం సంపాదన.

ఇక్కడ ఒక మంచి మాట కూడా చెప్పుకోవాలి. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనకు వేలాది ప్రాణాలు బలి అయ్యాయి. 1999 అక్టోబరులో ఒడిశాను ముంచిన పెనుతుపానుదీ అదే కథ. ఇప్పుడు ముందుగా హెచ్చరిక వస్తోంది. జనాన్ని ఖాళీ చేయిస్తున్నారు. ప్రాణనష్టం ఎంతో తగ్గింది. ప్రాణాన్ని కాపాడే హెచ్చరిక వచ్చింది కాని, పంటను కాపాడే ఏర్పాటు ఇంకా రాలేదు. బడి భవనంలో తలదాచుకుని ప్రాణం దక్కించుకున్న రైతు, మర్నాడు తిరిగి వెళ్ళేది మునిగిన మడికే.

రైతు చేతులు ముడుచుకుని కూర్చోలేదు

చాలామంది అధికారులు సభల్లో “రైతులు మారాలి” అని ఉపన్యాసాలు ఇస్తుంటారు. పొలం గట్టున నిలబడి చూస్తే రైతు ఎప్పుడో మారిపోయాడని తెలుస్తుంది.

కాలువ నీటి కోసం, వాన కోసం కాచుకుని ఆకుమడి ముదిరిపోయి నష్టపోయిన రైతు ఇప్పుడు ఎదలు చల్లుతున్నాడు. ఆకుమడీ లేదు, ఉభాల కూలీ లేదు, పంట కూడా వారం పది రోజులు ముందు చేతికి వస్తుంది. కలుపు మాత్రం ఎక్కువ. నాటే రైతు కూడా రెండు దఫాలుగా ఆకుమళ్ళు పోస్తున్నాడు. మొదటిది ఎండిపోతే రెండోది ఉంటుందని. రెండింతల విత్తనం, రెండింతల ఖర్చు.

1982లో విడుదలైన స్వర్ణ ఇంచుమించు 150 రోజుల పంట. దానితో పాటు, దానికి బదులుగా, తక్కువ రోజుల్లో కోతకు వచ్చే 1001, 1010 రకాలు వచ్చాయి. 1010 సుమారు 120 రోజుల్లో చేతికి వస్తుంది. పల్లపు భూముల్లో ముంపును కొంత తట్టుకునే ఇంద్ర, అమర రకాలు వేస్తున్నారు. రాగోలు వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇచ్చిన శ్రీకాకుళం సన్నాలు ఈ నేలకు పుట్టిన బిడ్డ. రకం మార్చడం అంటే సంచీ మార్చినంత సులువు కాదు. ఏ మడిలో నీరు నిలుస్తుంది, ఏ మడి ముందు ఎండుతుంది, ఏ బియ్యం ఇంట్లో తింటారు, ఏ ధాన్యం మిల్లరు కొంటాడు అనే నాలుగు లెక్కలూ కుదరాలి. ఆ లెక్క వేసుకునేది రైతే.

మునిగినా రెండు వారాల దాకా చనిపోని స్వర్ణ సబ్-1 రకం 2009లో దేశంలో విడుదలైంది. దాని గొప్ప ఎక్కడిదని ఆరా తీస్తే అది ఒడిశా రైతులు తరతరాలుగా కాపాడుకున్న ఒక నాటు వరిది. ఆ నాటు వరి గుణాన్ని శాస్త్రజ్ఞులు స్వర్ణలోకి ఎక్కించారు. పొరుగున ఉన్న పేద రైతు దాచిన గింజ ఈ రోజు బంగ్లాదేశ్ వరకు ముంపు నేలలను ఆదుకుంటోంది. నాటు విత్తనం వెనుకబాటుతనానికి గుర్తు అనుకునేవారు ఈ సంగతి గమనించాలి. మన గరువుల్లో ఒకప్పుడు పండిన చోడి, గంటి, సామలు కూడా అటువంటి ఆస్తే. నెల రోజులు వరుపు వచ్చినా చోడి తల ఎత్తుకు నిలబడుతుంది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నది. కాని శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో చోడి అంబలి తాగే ఇల్లు ఎన్ని మిగిలాయో ఎవరి ఊళ్ళో వారు లెక్కపెట్టుకోవలసిందే.

దిద్దుబాటుకు ధర ఎవరు చెల్లిస్తున్నారు?

రైతు చేసుకున్న ప్రతి దిద్దుబాటుకూ ఒక ధర ఉంది. తుపాను వస్తోందని తెలిసిన వెంటనే కోత యంత్రాన్ని పిలిస్తే రెండు గంటల్లో పంట ఇంటికి వస్తుంది. మంచిదే. కాని వరి కోతకు ముందు అదే మడిలో పెసలు, మినుములు చల్లి, నేల తేమతోనూ, మంచుతోనూ అపరాలు పండించుకోవడం ఈ ప్రాంతపు ఆనవాయితీ. బరువైన యంత్రం దిగితే మొలిచిన అపరాలు నలిగిపోతాయి. గడ్డి కూడా పాడవుతుంది. పశువుకు మేత కొనుక్కోవాలి. వరిని కాపాడుకోబోయి పప్పునూ పాడినీ పోగొట్టుకున్నట్టవుతోంది.

కొందరు పెద్ద రైతులు వానతో పేచీ లేకుండా మెట్ట భూముల్లో నీలగిరి, సరుగుడు వేసేశారు. వారి లెక్క వారికి కుదిరింది. కాని ఆ భూమిలో వేరుశనగ తీతలకూ, నువ్వుల కోతలకూ వెళ్ళే ఆడకూలీల పని దినాలు పోయాయి. గోగు నార పోయి మొక్కజొన్న వచ్చింది. దానికి పెట్టుబడి ఎక్కువ.

ఇక చివరి దిద్దుబాటు వలస. పొలం కౌలుకు ఇచ్చి, లేదా బీడు పెట్టి, విశాఖకో విజయవాడకో హైదరాబాదుకో భవన నిర్మాణ పనులకు పోవడం. దీన్ని కూడా “అనుకూలించుకోవడం” అని నివేదికల్లో రాస్తే రాయవచ్చు. ముసలి తల్లిదండ్రులను, బడిపిల్లలను ఊళ్ళో వదిలి పోయే దాన్ని ఊరివారు ఆ పేరుతో పిలవరు.

అన్నిటికన్నా ఎక్కువ ధర చెల్లిస్తున్నది కౌలు రైతు. రెండుసార్లు ఆకుమడి పోసే ఖర్చు అతనిది. పంట పోతే నష్టం అతనిది. పరిహారం మాత్రం చాలాచోట్ల పట్టాదారు పేరు మీద వస్తుంది. పంట సాగుదారుల హక్కుల చట్టం 2019లో వచ్చింది. పదకొండు నెలల సాగు పత్రానికి అది భూయజమాని సంతకాన్ని అడిగింది. సంతకం పెడితే భూమి పోతుందని యజమాని భయం. సంతకం అడిగితే వచ్చే ఏడు కౌలు దొరకదని రైతు భయం. ఈ రెండు భయాల నడుమ వాతావరణం దెబ్బ అంతా కాగితం లేని మనిషి మీద పడుతోంది.

క్యాలెండరు మార్చుకోవలసింది ఎవరు?

రైతు తన కార్తెల లెక్క మార్చుకున్నాడు. ప్రభుత్వ క్యాలెండరు మాత్రం మారలేదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

స్వల్పకాలిక విత్తనం ఎప్పుడు కావాలి? వాన ఆలస్యమైనప్పుడు కావాలి. కాని సబ్సిడీ విత్తనం ఇచ్చేది సీజను మొదట్లో ఒకసారి. జూలై చివర ఆకుమడి ఎండిపోయినవాడు రెండోసారి విత్తనం కోసం వ్యాపారి దగ్గర అప్పు చేయవలసిందే. మండలానికి ఇంత అని తక్కువ రోజుల రకాలను, పెసలు, ఉలవలు, చోడి విత్తనాన్ని నిల్వ ఉంచి, వాన తప్పిన వెంటనే రైతు సేవా కేంద్రం నుంచి ఇవ్వడానికి అడ్డు ఏమిటి?

వంశధార ఎడమ కాలువ సుమారు 1.48 లక్షల ఎకరాలకు ఉద్దేశించినది. గొట్టా దగ్గర తలుపు ఎత్తిన నీరు శివారుకు చేరేసరికి పై రైతుకు నాట్లు అయిపోతాయి, కింది రైతుకు అదను దాటిపోతుంది. పూడిక, గుర్రపుడెక్క వేసవిలోనే తీయాలి. శివారుకు ముందు, ఎగువకు తరువాత అన్నట్టు వంతులు వేస్తే తప్ప వరుపు ఏడాదిలో న్యాయం జరగదు. నేరడి బ్యారేజీకి ట్రిబ్యునల్ 2017లో అనుమతి ఇచ్చింది. పెద్ద పనుల కోసం ఎదురుచూస్తూ చిన్న మదుములను గాలికి వదిలేయడం మంచిది కాదు.

పంటల బీమా సంగతి మరొకటి. 2016 ఖరీఫ్ నుంచి వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమాలో ఖరీఫ్ ఆహార పంటలకు రైతు వాటా 2 శాతం, రబీకి 1.5 శాతం. రాష్ట్రం మధ్యలో ఈ పథకం నుంచి బయటకు వచ్చి 2022లో మళ్ళీ చేరింది. కోసి పొలంలో ఆరవేసిన పంట తుపాను వానకు పాడైతే 14 రోజుల వరకు రక్షణ ఉంది. నష్టం జరిగిన 72 గంటల్లో తెలియజేయాలి. కరెంటు లేక, ఫోను పలకక, దారులు తెగిపోయిన తుపాను ఊళ్ళో 72 గంటలు ఎలా గడుస్తాయో తిత్లీ చూసినవారికి తెలుసు. ఇక్కడి రైతు పంటను కుప్ప వేసి, వీలు చూసుకుని వారాల తరువాత నూర్చుకుంటాడు. 14 రోజుల లెక్క ఆ కుప్పకు పనికిరాదు. డిసెంబరు వాన మనకు అలవాటైపోతున్నప్పుడు కుప్పకు కూడా రక్షణ కావాలి. ధాన్యం కొనుగోలులో తేమ 17 శాతం దాటకూడదన్నది నిబంధన. ఆరబెట్టే యంత్రం లేని ఊరికి ఆ నిబంధన శిక్షే అవుతుంది. రెండు మూడు పంచాయతీలకు ఒక ఆరుదల యంత్రం, టార్పాలిన్లు ముందే సిద్ధం చేయడం పరిహారం పంచడం కన్నా తక్కువ ఖర్చు.

ఊరి వంతు కూడా ఉంది

తప్పంతా ప్రభుత్వం మీద వేసి చేతులు దులుపుకుంటే కుదరదు. వరుపు వచ్చిన ఏడాది చెరువును తలచుకుని ఏడ్చేవారే, వాన బాగా పడిన ఏడాది చెరువు గర్భంలోకి గట్టు జరుపుకుంటున్నారు. గెడ్డ మీద ఇల్లు కట్టి, నీరు ఇంట్లోకి వచ్చిందని అర్జీ పెడితే లాభం ఏమిటి? పట్టణం పెరుగుతూ అరసవల్లి వంటి ఊళ్ళ చుట్టూ మళ్ళు ఇళ్ళ స్థలాలైపోతున్నాయి. ఆ మళ్ళు కట్టిన కొద్దీ వాన నీరు పోయే దారి మూసుకుంటుంది. ఊరంతా ఒకే రకం వరి వేస్తే, ఒక్క తుపాను ఊరంతటినీ ఒకేసారి ముంచుతుంది. పల్లానికి ఒక రకం, మెరకకు ఒక రకం, గరువులో కొంత చోడి, గట్టు మీద కంది అని పంచుకుంటే కొంతైనా మిగులుతుంది. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా ఉంచే పద్ధతిని ప్రకృతి సాగు చేస్తున్న రైతులు ఇప్పటికే పాటిస్తున్నారు. చూసి రావడానికి ఖర్చు లేదు.

మరొక పని కూడా ఉంది. ఊరికొక వానమాపకం పెట్టుకోవాలి. మండల కేంద్రంలో పడిన వానకూ మన ఊళ్ళో పడిన వానకూ చాలాసార్లు పోలిక ఉండదు. బడిలో పిల్లలు రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు కొలిచి పుస్తకంలో రాస్తే, పంచాయతీ పలక మీద ఏ కార్తెలో ఎంత వాన పడిందో రాసి పెడితే, పదేళ్ళకు ఊరికి సొంత లెక్క ఉంటుంది. అప్పుడు “మా చిన్నప్పుడు ఇలా లేదు” అన్న మాట జ్ఞాపకంగా మిగలదు, సాక్ష్యం అవుతుంది. కరువు మండలం ప్రకటించమని అడగడానికీ, బీమా కంపెనీతో వాదించడానికీ ఆ పుస్తకం పనికి వస్తుంది. వాతావరణ శాఖ వారానికి రెండుసార్లు రైతులకు సలహాలు ఇస్తోంది. వాటిని ఫోనులో చూసుకోలేని ముసలి రైతుకు ఆ పలక దగ్గర చదివి వినిపించే యువకుడు ఉంటే చాలు.

రోహిణిలో రోళ్ళు పగిలే ఎండకు తాత భయపడలేదు. ఎండ వెనుక మృగశిర ఉందన్న నమ్మకం అతనికి ఉండేది. మనవడికి ఇప్పుడు కరువైనది వాన ఒక్కటే కాదు, ఆ నమ్మకం కూడా. నాగలి పట్టాలో, బస్సు ఎక్కాలో తేల్చుకోలేక జూలై నెలంతా ఆకాశం వైపు చూస్తున్నాడు. వానను ఎవరూ తేలేరు. కాని వాన తప్పిన నాడు విత్తనం, నీరు వచ్చిన నాడు శివారుకు వాటా, పంట తడిసిన నాడు పరిహారం, సాగు చేసినవాడి పేరున కాగితం – ఈ నాలుగూ మనుషుల చేతిలో ఉన్నవే. అక్టోబరులో స్వామి పాదాల మీద కిరణం పడే రోజు ముందుగానే తెలుస్తుంది. అదే అక్టోబరులో తుపాను రావచ్చునని కూడా ఇప్పుడు అందరికీ తెలుసు. తెలిసిన తరువాత కూడా సిద్ధం కాకపోతే, ఆ తప్పును దేవుడి మీదకు నెట్టడం న్యాయం కాదు.